పొయ్యిలోంచి లేచిన పిల్లి పరుపెక్కింది

పిల్లి మన దిండు మీద పడుకుందంటే మనల్ని తన కిందివాళ్ళ లెక్కలో వేసిందని, ఇంటికి పెద్ద తానేనని చాటుకుంటోందని చెప్పే వీడియోలు ఈ మధ్య తెలుగులోనూ బాగా తిరుగుతున్నాయి. వాటిలో ఇచ్చే సలహా ఒకటే: వెంటనే దించెయ్యండి, పెద్దరికం ఎవరిదో తెలిసొచ్చేలా చెయ్యండి. దీనికి ఎదురుగా ఇంకో వర్గం ఉంది. అదంతా ప్రేమ, మీరు లేకుండా ఉండలేకపోతోంది, మురిసిపొండి అంటుంది. రెండూ మనల్ని దారి తప్పిస్తాయని నా అభిప్రాయం. మొదటి మాట నమ్మితే ఏ తప్పూ చెయ్యని పిల్లికి దెబ్బలు పడతాయి. రెండో మాట నమ్మితే ఒంట్లో బాగాలేక వెచ్చదనం వెతుక్కుంటున్న పిల్లిని చూసి కూడా ముద్దు చేస్తోందనుకుని ఊరుకుంటాం.

పిల్లి మన పడక మీదికి రావడానికి అన్నిటికన్నా పెద్ద కారణం వేడి. దాని తర్వాత వాసన, ఆ తర్వాత భద్రత. మీ ఇంట్లో ఈ మూడింట్లో ఏది పనిచేస్తోందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. తెలిశాక చెయ్యాల్సింది మాత్రం ఒక్కో కారణానికి ఒక్కో రకంగా ఉంటుంది. అందుకే ఈ తేడా పట్టుకోవడం ముఖ్యం.

వేడి లెక్క

పిల్లి ఒంటి వేడి 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. ఆ వేడిని నిలుపుకోవడానికి శరీరం అదనంగా ఏ శ్రమా పడక్కర్లేని వాతావరణం ఒకటి ప్రతి జంతువుకూ ఉంటుంది. పశువైద్యులు దాన్ని థర్మోన్యూట్రల్ జోన్ అంటారు. పిల్లికి అది సుమారు 30 నుంచి 38 డిగ్రీలు. పల్చటి బట్టల్లో ఉన్న మనిషికి పాతిక డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది. అంటే మనకు సుఖంగా ఉన్న గది పిల్లికి చలిగది. చలికి వణకకపోయినా, ఒంటి వేడి కాపాడుకోవడానికి తిన్న తిండిలో కొంత ఖర్చు పెడుతూనే ఉంటుంది. నాలుగు కిలోల శరీరం, బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ, వేడి త్వరగా పోతుంది. రోజులో పన్నెండు నుంచి పదహారు గంటలు నిద్రపోయే జంతువు ఆ నిద్రను ఎక్కడ పెట్టుకుంటే తక్కువ ఖర్చవుతుందో వెతుక్కోవడంలో వింతేముంది?

ఇక మన పడక సంగతి. దుప్పటి కప్పుకుని నిద్రపోయే మనిషికీ దుప్పటికీ మధ్య ఉండే గాలి 32 నుంచి 34 డిగ్రీల దగ్గర నిలబడుతుంది. అది పిల్లికి కావలసిన శ్రేణిలో నట్టనడుమ పడుతుంది. ఇంట్లో రాత్రంతా ఆ వేడిలో ఉండే చోటు ఇంకొకటి దాదాపు ఉండదు. మనం లేచాక కూడా దూది పరుపులో, ఫోమ్‌లో ఆ వేడి కాసేపు నిలుస్తుంది. మనం మంచినీళ్ళు తాగి వచ్చేలోపు మన చోట్లో సరిగ్గా మన నడుము ఉన్న గుంటలోనే పిల్లి చుట్ట చుట్టుకుని ఉండటానికి కారణం అదే. ఆఫీసు కుర్చీ విషయంలోనూ ఇంతే. అది మన కుర్చీ అని ఎక్కదు, వెచ్చగా ఉంది కాబట్టి ఎక్కుతుంది. ఇంకెవరూ కూర్చోని కొత్త కుర్చీ పక్కనే ఉన్నా దాన్ని పట్టించుకోదు.

పెద్దరికం వాదం నిలవదని చెప్పడానికి నాకు అన్నిటికన్నా గట్టి సాక్ష్యం మన ఎండాకాలమే. మే నెలలో ఏసీ లేని ఇంట్లో పిల్లి ఎక్కడ పడుకుంటుందో చూడండి. స్నానాలగది నేల మీద, నాపరాళ్ళ మీద, తాగునీళ్ళ కుండ చుట్టూ తడిగా ఉన్న చోట, నాలుగు కాళ్ళూ చాపి పొట్ట నేలకు ఆనించి పడుకుంటుంది. రామగుండంలోనో నంద్యాలలోనో 43 డిగ్రీలున్న మధ్యాహ్నం పరుపు మీద పిల్లి కనపడదు. పడక మీద హక్కు చాటుకోవడమే దాని ఉద్దేశమైతే ఎండలు ముదరగానే ఆ హక్కు ఎందుకు వదులుకుంటుంది? అదే ఊళ్ళో, అదే మే నెలలో, ఏసీ 24 దగ్గర పెట్టిన పడకగదిలో చూడండి. పిల్లి దుప్పటి కిందే ఉంటుంది. ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మారింది పిల్లి స్వభావం కాదు, గదిలో ఉన్న వేడి.

ఇందులో మన ఇళ్ళ చరిత్ర కూడా కొంత ఉంది. ఆ పూట వంట మొదలుకాలేదని చెప్పడానికి పొయ్యిలో పిల్లి లేవలేదంటాం. కట్టెల పొయ్యి ఉన్న రోజుల్లో రాత్రి వంట అయ్యాక బూడిద గంటల తరబడి వెచ్చగా ఉండేది. పిల్లి అందులోకి చేరి తెల్లవారి ఇంటావిడ పొయ్యి తుడిచేదాకా లేచేది కాదు. నీళ్ళ కాగు కింద పొయ్యి, అటక, గడ్డివాము కూడా దానికి పడకలే. గ్యాస్ వచ్చాక బూడిద పోయింది. గీజర్ వచ్చాక కాగు పోయింది. అపార్ట్‌మెంట్లో అటక మిగిలినా అది సూట్‌కేసులతో నిండి ఉంటుంది. పిల్లి పడకగదిలోకి ఇంతగా రావడానికి దాని గుణం మారడం కారణం కాదని, ఇంట్లో వెచ్చని చోట్లు ఒక్కొక్కటే తీసేసి మన పరుపొక్కటే మిగల్చడం కారణమని నా ఊహ. ఇన్వర్టర్ మీద, సెట్‌టాప్ బాక్స్ మీద, వైఫై రౌటర్ పక్కన పిల్లి కనిపించడం కూడా ఈ వెతుకులాటలో భాగమే. చలికాలంలో ఆగిన బండి ఇంజన్ దగ్గర దూరడమూ అంతే. డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దున కారు తీసేముందు బానెట్ మీద రెండు సార్లు గట్టిగా తట్టడం మంచి అలవాటు.

పూర్వీకుల వైపు నుంచి చూసినా ఇదే తేలుతుంది. ఇంటి పిల్లి ఆఫ్రికా అడవిపిల్లి నుంచి, పశ్చిమాసియా పొడినేలల్లో, ధాన్యపు కొట్లకు చేరిన ఎలుకల వెంట వచ్చిన జంతువు. సైప్రస్‌లో మనిషి పక్కన పాతిపెట్టిన పిల్లి ఎముకలు సుమారు 9,500 ఏళ్ళ నాటివని 2004లో ప్రకటించారు. ఎండను తట్టుకోవడం దాని రక్తంలో ఉంది. చలి తట్టుకునే ఏర్పాటు అంతగా లేదు.

మరి దిండే ఎందుకు, కాళ్ళ దగ్గర ఎందుకు కాదు? రాత్రి దుప్పటి బయట ఉండేది మన తల ఒక్కటే. పిల్లికి నేరుగా వేడి అందేది అక్కడే. పైగా కాళ్ళు కదులుతాయి, తల తక్కువ కదులుతుంది. మంచం తలవైపు సాధారణంగా గోడకు ఆని ఉంటుంది, అక్కడ కూర్చుంటే వెనక నుంచి ఎవరూ రారు, తలుపు ఎదురుగా కనిపిస్తుంది. చిన్న జంతువుకు ఈ చివరి రెండూ తక్కువ విషయాలు కావు. పిల్లి వేటాడేదే అయినా, తనకన్నా పెద్ద జంతువులకు ఆహారం కూడా అవుతుంది. నిద్రలో వెన్ను కాపాడుకునే చోటు దానికి అవసరం.

మీ ఇంట్లో వేడే కారణమా కాదా అని పరీక్షించుకోవచ్చు. రబ్బరు వేడినీళ్ళ సంచిలో 45 డిగ్రీల నీళ్ళు, అంటే చెయ్యి పెడితే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళు పోసి, తువ్వాలు రెండు మడతలు చుట్టి, మంచానికి ఒక గజం దూరంలో ఎత్తుగా ఉన్న చోట పెట్టండి. దాని మీద మీ వాసన లేని కొత్త గుడ్డ వెయ్యండి. వరసగా మూడు నాలుగు రాత్రులు ఇలా చేస్తే, వేడి కోసం వచ్చే పిల్లి అటు మారుతుంది. సంచి చల్లారాక మళ్ళీ మీ దగ్గరికి వస్తుంది, అది కూడా మీకు జవాబే. అసలు అటు చూడకపోతే కారణం వాసనలోనో భద్రతలోనో ఉంది. కరెంటు హీటింగ్ ప్యాడ్ ఈ పనికి వద్దు. కొన్ని పిల్లులు తీగ కొరుకుతాయి. ఉష్ణోగ్రత అదుపు లేని ప్యాడ్ మీద గంటల తరబడి పడుకుంటే బొచ్చు కింద చర్మం కాలినా పైకి తెలియదు.

వాసన: ఇక్కడ నాకు కొంత అనుమానం

బుగ్గలు, కణతలు, గడ్డం, తోక మొదలు, పాదాల అడుగు, ఈ చోట్లలో పిల్లికి వాసన గ్రంథులు ఉంటాయి. తలుపు అంచుకు, మన పిక్కలకు ముఖం రాసేది ఆ వాసన అంటించడానికే. పరుపును ముందుకాళ్ళతో పిసికేటప్పుడు కూడా పాదాల వాసన పరుపుకు అంటుతుంది. పిసకడం మాత్రం అందుకోసం మొదలైన పని కాదు, పాలు తాగే వయసులో తల్లి పొదుగును నొక్కిన అలవాటు పెద్దయ్యాక కూడా మిగిలింది. మన దిండు, దుప్పటి ఇంట్లో మన వాసన అన్నిటికన్నా దట్టంగా ఉండే వస్తువులు. వాటి మీద తన వాసన కలిపి, ఇంటివాళ్ళందరి వాసనా కలిసిన చోటు తయారుచేసుకుంటుందని పిల్లుల ప్రవర్తన తెలిసినవాళ్ళు చెబుతారు. ఒకే గుంపులో ఉండే పిల్లులు ఒకదానికొకటి రాసుకోవడం చూస్తే ఇది నమ్మబుద్ధేస్తుంది.

అయితే ఇక్కడినుంచి ఒక్క అడుగులో ‘పిల్లి మనల్ని తన సొత్తుగా గుర్తు పెట్టుకుంటోంది’ అనడాన్ని నేను ఒప్పుకోను. టోక్యో వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు 30 పిల్లుల మీద చేసిన పరీక్ష 2025లో వచ్చింది. యజమాని వాసన ఉన్న గొట్టం కన్నా అపరిచితుడి వాసన ఉన్న గొట్టాన్ని పిల్లులు ఎక్కువసేపు వాసన చూశాయి. దీని వల్ల తేలేది ఏమిటంటే మన వాసనకూ కొత్తవాళ్ళ వాసనకూ తేడా పిల్లికి తెలుసు, తెలిసిన వాసన మీద సమయం వృథా చెయ్యదు. తెలిసిన వాసన మధ్య నిశ్చింతగా నిద్రపోతుందనడానికి ఇది కొంత ఊతమిస్తుంది కానీ సొత్తు అనే మాటకు ఏ ఊతమూ ఇవ్వదు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ఇంకొక పరిశీలన. పిల్లుల్లో ఒంటరితనపు బెంగ గురించి స్టెఫనీ ష్వార్జ్ అనే పశువైద్యురాలు 136 కేసులు పరిశీలించి 2002లో రాశారు. వాటిలో మట్టి తొట్టి (ఇంట్లో పిల్లి మలమూత్రాల కోసం పెట్టేది) వదిలి బయట మూత్రం పోసిన పిల్లుల్లో 75 శాతం యజమాని పరుపు మీదే పోశాయి. పెద్దరికం వాదులు దీన్ని చూసి కక్ష అంటారు. బెంగ పడ్డ పిల్లి కక్ష తీర్చుకోవడానికి కాదు, మనిషి వాసన అన్నిటికన్నా గాఢంగా ఉన్న చోట తన వాసన కలపడానికి అక్కడ పోస్తుందని నేను అనుకుంటాను. ఏది నిజమైనా, పరుపు మీద మూత్రం చూడగానే కొట్టడం వల్ల ఆ బెంగ పెరుగుతుంది తప్ప తగ్గదు.

వాసన పనిచేసే ఇళ్ళలో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ఆదివారం పూట దుప్పట్లు, గలేబులు, కర్టెన్లు, పిల్లి పడక అన్నీ ఒకేసారి ఉతికేస్తారు. ఆ రాత్రి పిల్లి మంచం మీద ఇంతకుముందుకన్నా ఎక్కువ తిరుగుతుంది, ఎక్కువ రాసుకుంటుంది, పిసుకుతుంది. పోయిన వాసనను మళ్ళీ పెట్టుకునే పని అది. సగం ఈ వారం, సగం వచ్చే వారం ఉతకండి. పిల్లి పడకనూ మీ దుప్పటినీ ఎప్పుడూ ఒకే రోజున ఉతకకండి. గాఢమైన సువాసన ఉండే ఫ్యాబ్రిక్ కండిషనర్ పడక బట్టలకు వాడకపోవడం మేలు.

పెద్దరికం మాట ఎక్కడిది

ఈ మాట పిల్లుల నుంచి రాలేదు. స్విట్జర్లాండ్‌లో బాసెల్ జంతుప్రదర్శనశాలలో బంధించి పెట్టిన తోడేళ్ళు పెద్దరికం కోసం పోటీపడతాయని రుడాల్ఫ్ షెంకెల్ 1947లో రాసినదాని నుంచి మొదలై, తోడేళ్ళ నుంచి కుక్కలకు, కుక్కల నుంచి పిల్లులకు పాకింది. తోడేళ్ళ మీద జీవితమంతా పనిచేసిన డేవిడ్ మెక్, తాను కూడా మొదట్లో వాడిన ఆ వర్ణన అడవిలోని తోడేళ్ళ మందకు సరిపోదని, అక్కడ మంద అంటే తల్లీతండ్రీ పిల్లలూ ఉన్న కుటుంబమేనని 1999లో వివరంగా రాశారు. తోడేళ్ళకే నిలవని సిద్ధాంతాన్ని ఒంటరిగా వేటాడే పిల్లి మీద మోపడం ఎంతవరకు న్యాయం?

పిల్లులు చోటును ఎలా పంచుకుంటాయో జంతువుల ప్రవర్తనను అధ్యయనం చేసిన పాల్ లైహౌసెన్ గత శతాబ్దం మధ్యలోనే గమనించి చెప్పాడు. ఒకే దారి, ఒకే ఎండపొడ ఉన్న గోడ, వేర్వేరు పిల్లులు వేర్వేరు వేళల్లో వాడుకుంటాయి. ముందు వచ్చినదానికి హక్కు, వేళ మారితే హక్కూ మారుతుంది. 1996లో బెర్న్‌స్టీన్, స్ట్రాక్ అనే పరిశోధకులు ఒకే ఇంట్లో ఉన్న 14 పిల్లుల మీద చేసిన పరిశీలనలోనూ ఇష్టమైన చోట్లను వంతులవారీగా వాడుకోవడం కనిపించింది. మనం లేవగానే మన చోట్లోకి రావడం అచ్చంగా ఈ పద్ధతే. ఖాళీ అయిన చోటును పిల్లి తన వేళగా తీసుకుంటుంది. మనం తిరిగొస్తే లేవకపోవడం ధిక్కారం కాదు, తన వంతు ఇంకా అయిపోలేదని దాని లెక్క.

ఈ వాదనకు ఎదురు నిలిచే విషయం ఒకటి ఉంది, దాన్ని దాచడం తగదు. రెండు మూడు పిల్లులున్న ఇంట్లో ఒక పిల్లి పడకగది గుమ్మంలోనో మంచం కొసనో కూర్చుని ఇంకో పిల్లిని రానివ్వకపోవడం నిజంగానే ఉంది. అరుపులుండవు, కొట్లాట ఉండదు. కన్నార్పకుండా చూస్తూ దారికి అడ్డంగా పడుకుంటుంది, అంతే. రెండోది వెనక్కి తిరిగి వెళ్ళిపోతుంది. చాలామంది దీన్ని గమనించరు, రెండూ బాగానే ఉంటున్నాయనుకుంటారు. ఇది చోటు కాపలా. అయినా ఇది పిల్లికీ పిల్లికీ మధ్య, ఒక వస్తువు కోసం, ఆ వేళకు జరిగే పోటీ. మంచం ఒకటే ఉండి పిల్లులు రెండున్నప్పుడు పుడుతుంది. పిల్లులు ఎన్నో అన్ని వెచ్చని పడకలు, ఒకటి అదనంగా, ఒకచోట నుంచి ఇంకోటి కనిపించకుండా వేరువేరు మూలల్లో పెడితే చాలావరకు సద్దుమణుగుతుంది. మనిషితో పిల్లి ఆడే రాజ్యాల ఆటకు దీన్ని రుజువుగా చూపలేం.

మంచం మీద నుంచి జరపబోతే కరిచే పిల్లి ఉంటే? వయసులో ఉన్న పిల్లి దుప్పటి కింద కదిలే కాళ్ళను పట్టుకుంటే అది వేట ఆట. ఎప్పుడూ కరవని పిల్లి ఒకరోజు నడుము దగ్గర చెయ్యి వేయగానే బుసకొడితే అది నొప్పి. రెండింటిలో ఏదీ పెత్తనం కాదు.

ప్రేమ అనేవాళ్ళకు ఒక మాట

కుక్కకు మనిషి, పిల్లికి ఇల్లు అని మనవాళ్ళు అనుకుంటూ వచ్చారు. ఇది పూర్తిగా నిజం కాదని ఇప్పుడు తెలుసు. ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో క్రిస్టిన్ విటాలె బృందం 2019లో చూపించింది: కొత్త గదిలో రెండు నిమిషాలు ఒంటరిగా వదిలి మనిషి తిరిగి వచ్చాక, పరీక్షించిన కూనల్లో 64 శాతం ఆ మనిషిని చూసి కుదుటపడి మళ్ళీ గది చూడడంలో పడ్డాయి. క్యోటో విశ్వవిద్యాలయంలో సాహో తకాగి బృందం 2021లో ఇంకొకటి చూపించింది. యజమాని గొంతు ఒకచోట వినిపించి వెంటనే అసాధ్యమైనంత దూరంలో ఇంకోచోట వినిపిస్తే పిల్లులు ఆశ్చర్యపోయాయి. అంటే మనం కనపడకపోయినా ఇంట్లో ఎక్కడున్నామో పిల్లి మనసులో ఒక లెక్క ఉంచుకుంటుంది.

కాబట్టి అనుబంధం ఉంది, ఒప్పుకుంటాను. కానీ పడక దానికి కొలబద్ద కాదు. రాత్రి మీ దిండు మీద పడుకునే పిల్లి ఏప్రిల్‌లో కిచెన్ నేల మీదికి వెళ్ళిపోతే మీమీద ప్రేమ తగ్గలేదు. మీ పక్కన ఎప్పుడూ పడుకోని పిల్లి, మీరు ఏ గదిలో ఉంటే ఆ గది గుమ్మంలో కూర్చునే పిల్లి, మిమ్మల్ని తక్కువ ప్రేమిస్తోందనీ కాదు.

చోటు తిరిగి కావాలంటే

పిల్లితో కలిసి పడుకోవడం ఇష్టమైనవాళ్ళు నిరభ్యంతరంగా పడుకోవచ్చు. నిద్ర చెడుతున్నవాళ్ళకు, ఉబ్బసం ఉన్నవాళ్ళకు, పాలుతాగే బిడ్డ ఉన్న ఇంటికి మాత్రం వేరు పడక కావాలి. నెట్టెయ్యడం వల్ల అది జరగదు. నెట్టినప్పుడు పిల్లికి మన చెయ్యి, మాట, చూపు అన్నీ దొరుకుతాయి. మూడుసార్లు నెట్టి నాలుగోసారి విసిగి వదిలేస్తే, నాలుగుసార్లు ప్రయత్నిస్తే పని అవుతుందని మనమే నేర్పినట్టు.

మంచి పడకకు బజారుకు పోనక్కర్లేదు. పాత నేతచీరలతో కుట్టిన బొంతను నాలుగు మడతలు వేసి, 40 నుంచి 45 సెంటీమీటర్ల వెడల్పున్న అట్టపెట్టెలోనో వెదురు బుట్టలోనో పరవండి. అంచు పదిహేను సెంటీమీటర్లు ఎత్తుండాలి, ఒకవైపు తక్కువగా కత్తిరించాలి. పిల్లి వెన్ను ఆనించుకునేది ఆ అంచుకే. పెట్టెకున్న విలువను తక్కువగా అంచనా వెయ్యకండి. నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం వాళ్ళు జంతువుల ఆశ్రయానికి కొత్తగా వచ్చిన 19 పిల్లుల మీద చేసి 2014లో ప్రకటించిన పరిశీలనలో, దాక్కోవడానికి పెట్టె దొరికినవి దొరకనివాటికన్నా త్వరగా కుదుటపడ్డాయి. బొంత పైన మీరు రెండు రోజులు కట్టి విడిచిన లుంగీనో నూలు టీషర్టునో ఉతకకుండా వెయ్యండి.

పెట్టే చోటు దగ్గరే చాలామంది ఓడిపోతారు. హాల్లో మూలన నేల మీద పెట్టి, పిల్లి వాడటం లేదంటారు. నేల చల్లగా ఉంటుంది, చోటు ఒంటరిగా ఉంటుంది, మన వాసన అందదు. మొదట మీ దిండుకు చెయ్యి చాపితే అందేంత దూరంలో, మంచం ఎత్తుకు సమానంగా స్టూలు మీదనో పెట్టె మీదనో ఉంచండి. చలికాలమైతే పడుకోబోయే పావుగంట ముందు వేడినీళ్ళ సంచి బొంత మడతల మధ్య పెట్టండి. పిల్లి తనంతట తాను ఎక్కినప్పుడు ఒక చిన్న చేపముక్కో తనకిష్టమైన తిండో అక్కడే ఇవ్వండి. ఎత్తుకెళ్ళి అందులో కూర్చోబెట్టకండి, దిగి పోతుంది, మళ్ళీ ఎక్కదు. వరసగా నాలుగైదు రాత్రులు అక్కడే నిద్రపోయాక రెండు మూడు రోజులకొకసారి ఒక అడుగు చొప్పున మీకు కావలసిన వైపు జరపండి. ఎక్కడైనా వదిలేసి మంచం మీదికి వస్తే ఒక అడుగు వెనక్కి తెచ్చి మళ్ళీ మొదలుపెట్టండి. రెండు వారాల నుంచి నెల పట్టవచ్చు.

తెల్లవారుజామున నాలుగింటికి ముఖం మీదెక్కే పిల్లి సంగతి వేరు. అది పడక సమస్య కాదు, వేళ సమస్య. పిల్లి చురుకుగా ఉండేది సందెవేళ, తెల్లవారుజామున. రాత్రి మీరు పడుకునే ముందు పది పదిహేను నిమిషాలు కర్రకు కట్టిన ఈకతోనో తాడుతోనో బాగా పరిగెత్తించి, చివర్లో పట్టుకోనిచ్చి, ఆ వెంటనే రోజులోని పెద్ద భోజనం పెట్టండి. వేట, తిండి, ఒళ్ళు నాక్కోవడం, నిద్ర, ఈ వరస పిల్లి ఒంట్లోనే ఉంది. నాలుగింటికి లేచి గిన్నెలో తిండి వెయ్యడం మాత్రం పూర్తిగా మానెయ్యాలి. మానేసిన మొదటి వారం గొడవ ముందుకన్నా పెరుగుతుంది. అప్పుడు లొంగితే మొత్తం పాడవుతుంది. టైమర్ ఉన్న తిండి గిన్నె అయిదింటికి తెరుచుకునేలా పెడితే పిల్లి మన ముఖం దగ్గర కాక ఆ గిన్నె దగ్గర కాపు కాస్తుంది.

మంచం దగ్గరికి రాకుండా ఏదో ఒకటి చల్లమనే సలహాలను దయచేసి పాటించకండి. ఈ విషయంలో నాకు నిజంగా భయం. కలరా ఉండలు, కర్పూరం, నీలగిరి తైలం, ఫినాయిల్, ఇవన్నీ పిల్లికి విషాలు. ఫినాల్ జాతి రసాయనాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. ఫినాయిల్ వేసి తుడిచిన నేల మీద నడిచి, పాదాలు నాక్కుంటే చాలు. గోమార్లు (బొచ్చులో ఉండి రక్తం పీల్చే చిన్న పురుగులు) పోవడానికి కుక్కల మెడ మీద వేసే మందుల్లో కొన్నిటిలో పెర్మెత్రిన్ అనే రసాయనం ఉంటుంది, అది పిల్లికి వేస్తే ప్రాణం పోవచ్చు. పిల్లి మీ పరుపు మీద పడుకుంటున్నంత కాలం దానికి పిల్లుల కోసమే తయారైన గోమార్ల మందు నెలనెలా వెయ్యాలి. గోమార్ల గుడ్లు బొచ్చుకు అంటుకుని ఉండవు, పడుకున్న చోటే రాలతాయి. పరుపు దులపకుండా పిల్లికి మాత్రమే మందేస్తే కొన్నాళ్ళకే మళ్ళీ మొదటికొస్తుంది. చర్మం మీద గుండ్రంగా బొచ్చు రాలిన మచ్చ కనిపిస్తే తామర కావచ్చు, అది మనకూ అంటుతుంది. తగ్గేదాకా పడక వేరు చెయ్యాల్సిందే.

అలవాటు మారితే

పిల్లి పడుకునే చోటు కంటే, ఆ చోటు ఉన్నట్టుండి మారడం ముఖ్యం. ఎప్పుడూ దగ్గరికి రాని పిల్లి ఎండాకాలంలో కూడా మీ ఒంటికి ఆనుకుని పడుకుంటోంది, బరువు తగ్గుతోంది, నీళ్ళు ఎక్కువ తాగుతోంది అంటే మూత్రపిండాల జబ్బు కావచ్చు, రక్తహీనత కావచ్చు. మగపిల్లి మట్టి తొట్టిలో కూర్చుని ముక్కుతూ చుక్క కూడా పోయలేక, పరుపు మీదికొచ్చి మళ్ళీ ప్రయత్నిస్తుంటే మూత్రనాళం మూసుకుపోయిందేమో చూడాలి. అది ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిన పరిస్థితి, తెల్లవారే దాకా ఆగితే ప్రాణానికే ప్రమాదం.

దీనికి తలకిందులుగా, ఏళ్ళ తరబడి మీ దిండు మీద పడుకున్న ముసలి పిల్లి క్రమంగా రావడం మానేస్తే అలిగిందని అనుకోకండి. పన్నెండేళ్ళు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలు చూసి 2002లో ప్రకటించిన ఒక పరిశీలనలో 90 పిల్లుల కీళ్ళలో అరుగుదల కనిపించింది. కుంటదు, అరవదు, గెంతడం మానేస్తుందంతే. మంచం 45 సెంటీమీటర్ల ఎత్తుంటే దాని పక్కన 15, 30 సెంటీమీటర్ల ఎత్తులో రెండు మెట్లు పెట్టండి. పాత పుస్తకాలు నింపి గట్టిగా టేపు చుట్టిన అట్టపెట్టెలు చాలు, పైన జారకుండా గోనెపట్టా కుట్టాలి. మెట్టు మీద కనీసం ముప్ఫై సెంటీమీటర్ల లోతుండాలి, ముసలి పిల్లి నాలుగు కాళ్ళూ పెట్టి ఆగి, ఆ తర్వాతే పైదానికి ఎక్కుతుంది. మందు సంగతి పశువైద్యుణ్ణి అడగండి. ఇంట్లో ఉన్న పారాసెటమాల్ మాత్రం ముక్క కూడా వెయ్యకండి, పిల్లిని అది చంపేస్తుంది.